‘డూకీ’ని బేస్ వైపు నుంచి వినండి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ గ్రీన్ డే వాళ్ల ‘డూకీ’ గురించి మాట్లాడుకుందాం. 1994 ఫిబ్రవరి 1న రిప్రైజ్ కంపెనీ విడుదల చేసిన ఆల్బమ్ ఇది. 14 పాటలు, చివర్లో పేరు వేయకుండా దాచిపెట్టిన చిన్న పాట ఒకటి. అన్నీ కలిపినా 40 నిమిషాలు నిండవు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది, 1995లో గ్రామీ తెచ్చుకుంది, 1999 నాటికి అమెరికాలోనే కోటి కాపీల డైమండ్ గుర్తింపు పొందింది. లెక్కలు ఇక్కడితో చాలు, వీటివల్ల పాట బాగుందో లేదో తెలియదు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ‘డూకీ’ని అందరూ గిటార్ ఆల్బమ్ అనుకునే వింటారు. నా దృష్టిలో ఇందులో అసలు పని చేసింది బేసూ (కింది స్వరాలు పలికే లావు తీగల గిటారు) డ్రమ్సూ. గిటార్ చాలా తక్కువ వాయిస్తుంది, కావాలనే తక్కువ వాయిస్తుంది. అది గోడలా నిలబడి ఉంటే, మామూలు రాక్ బ్యాండ్‌లో లీడ్ గిటారిస్ట్ చేసే పనిని మైక్ డర్న్ట్ బేస్‌తో, ట్రే కూల్ డ్రమ్స్‌తో పంచుకుని చేస్తారు. ఈ సంగతి పట్టుబడితే ఆల్బమ్ కొత్తగా వినిపిస్తుంది. దీన్ని వాయించబోయేవాళ్లు ఎక్కడ తప్పటడుగు వేస్తారో కూడా తెలుస్తుంది.

దీని మీద ఉన్న పాత ఫిర్యాదు ఒకటి ముందు తేల్చుకుందాం. ‘పెద్ద కంపెనీకి అమ్ముడుపోయి పంక్‌ని పలచన చేశారు’ అన్నది ఆ ఫిర్యాదు. ఇది ఊరికే పుట్టలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ స్ట్రీట్ అని ఒక క్లబ్ ఉంది. 1986 డిసెంబర్ 31న మొదలైంది. వాలంటీర్లే నడుపుకుంటారు, ఏ వయసు వాళ్లనైనా రానిస్తారు, లోపల మద్యం ఉండదు. పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్‌లకు అక్కడ వేదిక ఇచ్చేవారు కాదు. గ్రీన్ డే ఆ క్లబ్‌లో పెరిగిన బ్యాండ్. అప్పటిదాకా వాళ్ల రికార్డులు లుకౌట్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చేవి. రిప్రైజ్‌తో సంతకం చేయగానే గిల్మన్ తలుపు మూసుకుంది. మళ్లీ అక్కడ వాయించడానికి 2015 దాకా పట్టింది. ఆ క్లబ్ నియమాన్ని నేను తప్పుపట్టను. చిన్న చోటు పెద్ద డబ్బు చేతిలోకి పోకుండా నిలబడాలంటే అలాంటి గట్టి నియమం ఉండాల్సిందే. కాని నియమం వేరు, సంగీతం మారిపోయిందన్న ఆరోపణ వేరు. రెండోదానికి సాక్ష్యం కావాలి.

సాక్ష్యం మన చేతిలోనే ఉంది. ‘వెల్‌కమ్ టు పారడైజ్’ అనే పాటను వాళ్లు రెండుసార్లు రికార్డు చేశారు. మొదటిది లుకౌట్ రోజుల్లో, ‘కెర్‌ప్లంక్’ ఆల్బమ్ కోసం 1991లో ఆర్ట్ ఆఫ్ ఇయర్స్ స్టూడియోలో, ఆండీ ఎర్న్‌స్ట్ దగ్గర. రెండోది ‘డూకీ’ కోసం 1993లో బర్క్‌లీ ఫాంటసీ స్టూడియోలో, నిర్మాత రాబ్ కవాలో దగ్గర. రెండూ వరసగా వినిపిస్తాను.

(రెండు రికార్డింగులూ వినిపించారు.)

పాట కట్టుబడి ఎక్కడా మారలేదు చూడండి. చరణాలు అవే, పల్లవి అదే. మధ్యలో గొంతు ఆగిపోయి వాద్యాలు మాత్రమే పాకుతూ వెళ్లే ఆ చీకటి భాగం కూడా అలాగే ఉంది. ‘పలచన చేయాలి’ అనుకున్నవాళ్లు ముందు కోసేది దాన్నే. రేడియోకి అది పనికిరాదు, పాడుకోవడానికి అక్కడ ఏమీ లేదు. వాళ్లు కోయలేదు. అమ్మ ఇంటి నుంచి బయటికొచ్చి వెస్ట్ ఓక్‌లాండ్‌లో పాడుబడ్డ చోట బతకడం గురించిన పాట అది. మొదట భయం, తర్వాత ఆ చోటే తనదనిపించడం. ఆ రెంటి మధ్య కాలం గడవాలి కదా, ఆ వాద్యభాగం గడిపేది ఆ కాలాన్నే.

మరి మారిందేమిటి? మొదటి రికార్డింగులో గిటార్, బేస్ ఒకే జాగాలో కొట్టుకుంటాయి. స్నేర్ డ్రమ్ డబ్బాలో మోగినట్టుంటుంది, గొంతు కాస్త వెనక ఉంటుంది. రెండోదాంట్లో ఎవరి జాగా వాళ్లకుంది. గిటార్ ఎడమ, కుడి చివరలకు పోయింది, బేస్ నడిమధ్యలో కనిపించేలా నిలిచింది. పెద్ద కంపెనీ డబ్బు కొన్నది ఈ స్పష్టతనే. పాటని కొనలేదు.

కవాలో ఎంపిక కూడా వాళ్లదే. ‘ది మఫ్స్’ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ ఆయన చేసిన తీరు నచ్చి ఒప్పుకున్నారు. రికార్డింగు దాదాపు మూడు వారాల్లో ముగిసింది. మొదటి మిక్స్, అంటే గొంతునీ వాద్యాలనీ తూకం వేసి కలపడం, ఎవరికీ నచ్చలేదు. పాడటం, వాయించడం సరిగ్గానే ఉన్నాయి, కూర్పులోనే ప్రాణం లేదు. అందుకే మళ్లీ మిక్స్ చేశారు, ఆ పనిలో జెర్రీ ఫిన్ చెయ్యి ఉంది. మనం వింటున్నది ఆ రెండో మిక్సే. బాగా వాయించిన రికార్డింగు కూడా తూకం తప్పితే చచ్చిపోతుందని తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక బేస్ దగ్గరికి వద్దాం.

‘లాంగ్‌వ్యూ’ వినండి. ముందు టామ్ డ్రమ్స్ మోగుతాయి, తర్వాత బేస్ దిగుతుంది. చరణం మొత్తం ఆ రెండూ, పైన గొంతూ, అంతే. గిటార్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇంట్లో టీవీ ముందు పడి ఉండి, ఉద్యోగం లేక, లేవబుద్ధి పుట్టక కుళ్లిపోతున్న కుర్రాడి పాట ఇది. ఆ బద్ధకాన్ని మోసేది ఆ బేస్ లైనే. ఒక బీటును మూడు భాగాలు చేసి, మొదటి రెండు భాగాలు సాగదీసి, మూడోది అంటించినట్టు నడుస్తుంది. దీన్నే షఫుల్ అంటారు. పల్లవిలో గిటార్ ఒక్కసారిగా మీద పడినప్పుడు అంత దెబ్బ తగలడానికి కారణం గిటార్ శబ్దం పెద్దది కావడం కాదు, అప్పటిదాకా అది లేకపోవడం. ఆ బేస్ లైన్ మత్తులో పుట్టిందన్న కథ ఈ ఆల్బమ్ అభిమానులందరికీ తెలుసు. నాకు ఆ కథ మీద పెద్ద ఆసక్తి లేదు. ఎలా పుట్టినా, దాన్ని అంతసేపు అలుపు లేకుండా ఒకే ఊపులో వాయించడానికి మెలకువ, సాధన రెండూ కావాలి.

‘షీ’ కూడా ఇదే పద్ధతి. మొదటి చరణంలో గొంతు బేస్ మీదే నడుస్తుంది, గిటార్ తర్వాత వస్తుంది. పాట పొడవు 2 నిమిషాల 14 సెకన్లు. అంత కొద్ది సమయంలో కూడా గిటార్‌ని ఆపి ఉంచే ధైర్యం చేశారు.

‘వెన్ ఐ కమ్ ఎరౌండ్’ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. చరణంలో గిటార్ నాలుగే తీగకూర్పులు, అంటే కార్డులు, తిప్పుతుంది. మీలో గిటార్ వాయించేవాళ్లు రాసుకోండి. లావు తీగ, అంటే ఆరో తీగ మీద 3వ ఫ్రెట్. తర్వాత ఐదో తీగ మీద 5, 7, 3 ఫ్రెట్‌లు. వేళ్ల ప్రకారం జి, డి, ఇ, సి. గిటార్ హాఫ్ స్టెప్ (ఒక ఫ్రెట్ అంత శ్రుతి) కిందికి దించి ఉంటుంది కాబట్టి నిజంగా వినిపించేది జి ఫ్లాట్‌లో. వేగం నిమిషానికి 98 బీట్లకు అటూ ఇటూ, పంక్ లెక్కన ఇది నడక. పాట మారుతున్నట్టు మనకు ఎందుకనిపిస్తుంది? నాలుగు కూర్పుల చుట్టు పూర్తయ్యే చోట మైక్ డర్న్ట్ చిన్న చిన్న పరుగులు పెడతాడు. ఒకసారి పైకి, ఇంకోసారి కిందికి. గిటార్ తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది, ఇంట్లో తిరిగేది బేసే. ఆ పరుగులు వదిలేసి కవర్ వాయించే బ్యాండ్‌లు చాలా ఉన్నాయి. రెండో చరణానికల్లా ఆ కవర్ విసుగు పుట్టించడానికి కారణం ఇదే.

మైక్ డర్న్ట్ వాడింది గిబ్సన్ జి-3 బేస్, పిక్‌తో, అంటే తీగ మీటే చిన్న బిళ్లతో. పిక్ వాడటం ఇక్కడ ముఖ్యం. వేలితో మీటితే స్వరం గుండ్రంగా, మెత్తగా మొదలవుతుంది. పిక్ తగిలితే ముందు ‘టక్’మని అంచు వినిపిస్తుంది. రెండు గిటార్లు అరుస్తున్న మధ్యలో బేస్ స్వరాలు విడివిడిగా తెలియాలంటే ఆ అంచు కావాలి.

డ్రమ్స్ సంగతి చూడండి. మొదటి పాట ‘బర్నౌట్’ చివరి భాగంలో బ్యాండ్ మొత్తం ఆగుతుంది, ట్రే కూల్ ఒక్కడే ఒక చుట్టు కొడతాడు. మళ్లీ బ్యాండ్, మళ్లీ ఆగడం, మళ్లీ డ్రమ్స్. ప్రతి చుట్టూ వేరుగా ఉంటుంది. 2 నిమిషాల 7 సెకన్ల పాటలో, అదీ ఆల్బమ్ తలుపు తీసే పాటలో, సోలో ఇచ్చింది గిటార్‌కి కాదు, డ్రమ్స్‌కి. ఈ ఆల్బమ్ ఎవరిదో ఆ పాటలోనే చెప్పేశారని నేనంటాను.

‘బాస్కెట్ కేస్’ అందరికీ తెలిసిన పాట కాబట్టి దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. బ్యాండ్ గాయకుడు, గిటారిస్ట్ బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌ తనకు ఉన్న పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి భయం ముంచెత్తే జబ్బు) గురించి రాసింది. అప్పటికి అతనికి ఆ జబ్బు పేరు కూడా తెలియదు, పిచ్చి పడుతోందేమో అనుకున్నాడు. పాట మొదలవగానే గొంతూ, కుడిచేతి మణికట్టు ఆనించి అణిచి మీటిన గిటారూ మాత్రమే ఉంటాయి. మిగతా ఇద్దరూ పల్లవిలో కొద్ది కొద్దిగా చేరుతూ వచ్చి, పల్లవి చివర్లో గాని పూర్తిగా దిగరు. మొదటి మాట నుంచీ ముగ్గురూ కొట్టేస్తే ఇది మామూలు పాట అయ్యేది. గుండె దడ మెల్లగా మొదలై ఒక్కసారిగా చేయి దాటిపోవడం ఆ కూర్పులోనే ఉంది.

ఆ పాట తీగకూర్పులు ఇవి: ఇ, బి, సి షార్ప్, జి షార్ప్, ఎ, ఇ, బి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. పాకెల్‌బెల్ ‘కానన్’లో మొదటి ఆరు అడుగులూ ఇవే వరసలో ఉంటాయి, చివర మాత్రమే కాస్త తేడా. వందల ఏళ్ల నాటి వరస ఇక్కడ నిమిషానికి సుమారు 170 బీట్ల వేగంతో పోతుంది. ఫ్రెట్‌లు చెబుతాను: ఐదో తీగ 7, ఆరో తీగ 7, ఆరో తీగ 9, ఆరో తీగ 4, ఆరో తీగ 5, మళ్లీ ఐదో తీగ 7, ఆరో తీగ 7. చేయి ఒకే ఆకారంలో ఉంచి జరుపుకుంటూ పోవడమే.

ఆ ఆకారాన్ని పవర్ కార్డ్ అంటారు. మూల స్వరం, పంచమం, పై మూల స్వరం, ఇంతే ఉంటాయి. గాంధారం ఉండదు. ఎందుకుండదంటే, బాగా డిస్టార్షన్ పెట్టిన, అంటే శబ్దాన్ని కావాలని కాల్చినట్టు గరుకుగా చేసిన గిటార్‌లో గాంధారం కలిపి మీటితే స్వరాలు ఒకదాన్నొకటి గీక్కుని ముద్దగా వినిపిస్తాయి. మూల స్వరం, పంచమం మాత్రమే అయితే ఎంత కాలినా శుభ్రంగా ఉంటుంది. దాని పర్యవసానం ఏమిటంటే, ఆ కార్డు మేజరో మైనరో గిటార్ చెప్పదు. సంతోషమో దిగులో తేల్చే స్వరం గొంతులోంచో బేస్‌లోంచో రావాలి. ‘డూకీ’లో బేస్ అంత తిరగడానికి, గొంతు అంత గట్టి బాణీలో ఉండడానికి కారణం ఇదే. గిటార్ ఖాళీగా వదిలేసిన జాగాని వాళ్లిద్దరూ నింపుతున్నారు.

గిటార్‌ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ఆ గోడ కట్టడం తేలిక కాదు. బిల్లీ జో ‘బ్లూ’ అని పిలిచే గిటార్ ఫెర్నాండెస్ కంపెనీ చేసిన, స్ట్రాటోకాస్టర్ గిటార్‌ని పోలిన నమూనా. చిన్నప్పుడు అమ్మ కొనిపెట్టింది. ఖరీదైనది కాదు, ఒళ్లంతా స్టిక్కర్లు. బ్రిడ్జ్ దగ్గర మామూలు సింగిల్ కాయిల్ తీసేసి, మరింత లావు శబ్దమిచ్చే హంబకర్ పికప్ (తీగ కదలికని పట్టే భాగం) వేశారు. యాంప్లిఫయర్ మార్షల్ 100 వాట్ల ప్లెక్సీ, గెయిన్ (శబ్దం కాలే మోతాదు) పెంచేలా లోపల మార్పు చేయించింది. ఆల్బమ్‌కి పాతికేళ్లు నిండిన సందర్భంలో, 2019లో, ఎమ్‌ఎక్స్‌ఆర్ సంస్థ ఈ శబ్దం కోసం ‘డూకీ డ్రైవ్’ అనే పెడల్ తెచ్చింది. దాని మీద ‘బ్లెండ్’ అని తిప్పే నాబ్ ఒకటి ఉంటుంది. అది రెండు రకాల శబ్దాలను, ఒకటి ఎక్కువ కాలినదీ ఒకటి తక్కువ కాలినదీ, కలిపే నాబ్. అసలు రహస్యం ఆ నాబ్ పేరులోనే ఉంది. ‘డూకీ’ గిటార్ శబ్దం ఒక్క బాగా కాలిన శబ్దం కాదు. కాలిన శబ్దం కింద శుభ్రమైన శబ్దం ఒకటి ఉండబట్టే తీగ మీద పిక్ తగలడం వినిపిస్తుంది.

ఇప్పుడు వాయించాలనుకునే కుర్రాళ్ల కోసం చెబుతాను. మన దగ్గర కాలేజీ బ్యాండ్‌లు ఈ పాటలు ఎత్తుకుంటే జరిగే పొరపాట్లు దాదాపు ఒకటే రకం.

మొదట ట్యూనింగ్. ఎక్కువ పాటలకు ఆరు తీగలూ హాఫ్ స్టెప్ కిందికి దించాలి. లావు తీగ ఇ నుంచి ఇ ఫ్లాట్‌కి, అంటే సుమారు 82.4 హెర్ట్జ్ నుంచి 77.8కి. ఇలా దించితే తీగ బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది. 9 సైజు (సన్నని) తీగలు వేసి ఉంటే వదులుగా ఊగుతాయి. గట్టిగా మీటినప్పుడు స్వరం ఒక్క క్షణం పైకి లేచి కిందికి వస్తుంది, దాంతో కార్డులన్నీ అపశ్రుతిగా వినిపిస్తాయి. ట్యూనర్ చూస్తే మాత్రం అంతా సరిగ్గానే ఉన్నట్టు చూపిస్తుంది. కనీసం 10 సైజు వేయండి, చేయి బరువైనవాళ్లు 11 వేయండి. తీగల సైజు మార్చాక బ్రిడ్జ్ దగ్గర ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్‌ల దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) మళ్లీ సరిచూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే తేలికగా తాకితే వచ్చే హార్మోనిక్ ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకి.

రెండోది గెయిన్. యాంప్ మీద గెయిన్ 10కి తిప్పేస్తారు, మిడ్ (మధ్య స్థాయి శబ్దం) పూర్తిగా తీసేస్తారు. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే అది బ్రహ్మాండంగా ఉంటుంది. డ్రమ్స్ మొదలవగానే గిటార్ మాయమైపోతుంది. గిటార్ ఊపిరి ఉన్నదే మిడ్‌లో. యాంప్ మీద గెయిన్ 5 లేదా 6, మిడ్ 7, బేస్ (కింది శబ్దం) 4, ట్రెబుల్ (పై శబ్దం) 6 దగ్గర మొదలుపెట్టి, బ్యాండ్‌తో కలిసి వాయిస్తూ సరిచూసుకోండి. ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టిన సెట్టింగ్‌ని నమ్మకండి.

మూడోది కుడిచేయి. ‘బాస్కెట్ కేస్’ వేగంలో ఎయిత్ నోట్స్ (బీటుకి రెండేసి స్వరాలు) అన్నీ కిందికే మీటాలంటే సెకనుకి ఐదారు దెబ్బలు. మోచేతి నుంచి కొడితే రెండో పల్లవికల్లా చేయి బిగుసుకుపోతుంది. మణికట్టు నుంచే కదలాలి, పిక్ తీగ దాటి ఎక్కువ దూరం పోకూడదు. మెట్రోనోమ్ 120 దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాలు ఆగకుండా వాయించగలిగాక 5 పెంచండి. అణిచి మీటేటప్పుడు అరచేతి అంచు సరిగ్గా బ్రిడ్జ్ మీద ఆనాలి. అర అంగుళం ముందుకు జరిగితే స్వరం చచ్చిపోయి ‘టప్ టప్’ మాత్రమే మిగులుతుంది.

డ్రమ్స్ వాయించేవాళ్లు ‘లాంగ్‌వ్యూ’లో పొరబడతారు. షఫుల్‌ని సమానంగా, నిటారుగా కొడతారు. స్వరాలన్నీ సరైనవే పడతాయి, పాట మాత్రం రాదు. ముందు తొడ మీద ‘ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు’ అని కొట్టుకుని, రెండో దెబ్బ వదిలేసి మొదటిదీ మూడోదీ మాత్రమే కొట్టండి. ఆ ఊపు ఒంట్లోకి వచ్చాక టామ్స్ మీదికి వెళ్లండి. చరణంలో హై-హ్యాట్ ఊపుతూ కూర్చోవద్దు, అక్కడ బరువు టామ్స్ మీదే ఉంది.

ఇంట్లో లాప్‌టాప్‌లో రికార్డు చేసేవాళ్లకు ఒక మాట. గిటార్ వెడల్పుగా రావాలంటే ఒకే భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి పెట్టాలి. ఒక టేక్‌ని కాపీ చేసి రెండో వైపు పెడితే వెడల్పు రాదు, రెండూ అచ్చు ఒకటే కాబట్టి మధ్యలోనే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. మనిషి రెండుసార్లు వాయించినప్పుడు వచ్చే సూక్ష్మమైన తేడాలే వెడల్పు. రెండు టేకులు కలిస్తే డిస్టార్షన్ కూడా పోగవుతుంది కాబట్టి ఒక్కోదానికి గెయిన్ ఇంకో అడుగు తగ్గించండి. గిటార్లలో 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నది హై-పాస్ ఫిల్టర్‌తో తీసేయండి, ఆ జాగా బేస్‌ది. బేసూ కిక్ డ్రమ్మూ గొంతూ మధ్యలో ఉండాలి. గొంతు కూడా రెండుసార్లు పాడి కలపొచ్చు. కాని పదాల చివర హల్లులు, ముఖ్యంగా స, ట లాంటివి, రెండు టేకుల్లో ఒకే క్షణంలో పడాలి, లేదంటే రెండు దెబ్బలుగా వినిపిస్తాయి. ఒక టేక్‌లో చివరి హల్లుని నోట్లోనే మింగేసి పాడటం సులువైన దారి.

ఆల్బమ్ పాటల వరస గురించి కూడా చెప్పాలి. ‘చంప్’ చివర పాట తనలో తాను సుడి తిరిగి, ఆగకుండా ‘లాంగ్‌వ్యూ’ డ్రమ్స్‌లోకి జారుతుంది. ఫోన్‌లో షఫుల్ మోడ్ పెట్టి వింటే ఈ అతుకు తెగిపోతుంది, ‘చంప్’ అర్ధంతరంగా ముగిసిన పాటలా అనిపిస్తుంది. వరసలో వినండి, యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే ఇంకోటి మొదలయ్యే సెట్టింగ్) ఉంటే తీసేయండి.

అన్ని పాటలూ ఒకే ఎత్తులో ఉన్నాయని అనను. ‘ససాఫ్రస్ రూట్స్’ దగ్గర బాణీ ఒకే చోట తిరుగుతుంది. ఈ ఆల్బమ్‌లో నాకు పట్టని పాట అదొక్కటే. ‘హావింగ్ ఎ బ్లాస్ట్’లో ఒంటికి పేలుడు పదార్థాలు కట్టుకుని అందర్నీ తనతో తీసుకుపోవాలనుకునే మనిషి మాట్లాడతాడు. ఆ బాణీ ఎంత హుషారుగా ఉంటుందంటే, మాటలు అర్థమయ్యేసరికి ఒళ్లు జలదరిస్తుంది. ఇవాళ దాన్ని గొంతు కలిపి పాడటం నాకు కష్టం. కాని కోపం ఎంత చిన్న కారణాలతో ఎంత దూరం ఊహించుకుంటుందో అది నిజంగానే పట్టుకుంది. ‘కమింగ్ క్లీన్’ని మాత్రం తక్కువ మంది పట్టించుకుంటారు, అది అన్యాయం. 1 నిమిషం 34 సెకన్లు. తన లైంగికత గురించి తనకే తెలిసి వస్తున్న కుర్రాడి పాట. 1994లో, మగతనం ప్రదర్శనగా నడిచే రాక్ సంగీతంలో, ఉపన్యాసం లేకుండా, ఏడుపు లేకుండా పాడేశారు. చివరి పాట ‘ఎఫ్.ఓ.డి.’ అకౌస్టిక్ గిటార్‌తో మెల్లగా మొదలై, సగంలో మొత్తం బ్యాండ్‌తో విరుచుకుపడుతుంది. పదేళ్ల తర్వాత ‘అమెరికన్ ఇడియట్’లో పెద్ద ఎత్తున చేసిన పనికి విత్తనం ఇక్కడుంది.

వినే సాధనం గురించి ఒక్క మాట చెప్పకపోతే నేను ఇందాకటి నుంచి చెప్పినదంతా వృథా. బేస్ లావు తీగ హాఫ్ స్టెప్ దించాక 39 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్‌కి దాని మూల స్వరం పలికే శక్తి లేదు. మీకు వినిపించేది దాని పై హార్మోనిక్స్, అంటే మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు, మాత్రమే. అంటే ఫోన్ స్పీకర్‌లో ‘డూకీ’ వింటే ఆల్బమ్‌లోని ముఖ్యమైన మనిషిని గదిలోంచి పంపేసినట్టే. మామూలు వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు, కాని చెవిలో గట్టిగా కూర్చోవాలి. రబ్బరు బుడిపె సైజు చిన్నదైతే గాలి సందు పడి బేస్ అంతా కారిపోతుంది. ‘బేస్ బూస్ట్’ మాత్రం పెట్టకండి, కిక్ డ్రమ్ ఉబ్బి బేస్ లైన్ని మింగేస్తుంది.

ఈ పాటలు వేదిక మీద ఎలా ఉంటాయని అడుగుతారు. 1994 ఆగస్టు వుడ్‌స్టాక్‌లో జనం మట్టి ముద్దలు విసిరిన ప్రదర్శన ప్రసిద్ధం. ఆ గందరగోళంలో సెక్యూరిటీ మనిషి మైక్ డర్న్ట్‌ని ప్రేక్షకుడనుకుని పడేస్తే పళ్లు దెబ్బతిన్నాయి. సంగీతం కోసం చూడాలంటే నేను దాన్ని సిఫారసు చేయను. 2024లో ఆల్బమ్ 30 ఏళ్ల సందర్భంగా మొత్తం పాటల్ని వరసగా వాయించారు, 2025 మార్చిలో లొల్లాపలూజాకి ముంబై కూడా వచ్చారు. ఈ కొత్త ప్రదర్శనల్లో ముగ్గురితో పాటు అదనపు గిటారిస్ట్ ఉంటారు. గోడ మందంగా ఉంటుంది, కాని ‘లాంగ్‌వ్యూ’ చరణంలో ఇప్పటికీ గిటార్లన్నీ ఆగాల్సిందే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(‘డూకీ’ నచ్చినవాళ్లు తర్వాత ఏది వినాలి అని సభలో ఒకరు అడిగారు.)

చాలామంది నేరుగా ‘అమెరికన్ ఇడియట్’కి వెళతారు. మీరు మధ్యలో 1995 నాటి ‘ఇన్‌సామ్నియాక్’ దగ్గర ఆగండి. నిర్మాత మళ్లీ కవాలోనే, మనుషులు వాళ్లే ముగ్గురు. కాని తూకం మారింది. గిటార్ ముందుకొచ్చి బరువెక్కింది, పాటలు నలుపెక్కాయి. అందులో ‘బ్రెయిన్ స్ట్యూ’ వినండి: ఎ, జి, ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ, అయిదు పవర్ కార్డులు మెట్లు దిగినట్టు దిగుతాయి, అంతే. అక్కడ బేస్ తిరగదు, గిటార్ వెంటే దిగుతుంది, ఎందుకంటే నిద్ర పట్టని మనిషి పాటకి అదే కావాలి. ఆ తర్వాత వెనక్కి వచ్చి ‘వెన్ ఐ కమ్ ఎరౌండ్’ పెట్టి, గిటార్‌ని పట్టించుకోకుండా బేస్ ఒక్కదాన్నే చివరిదాకా వెంబడించండి.